వందేళ్ళ చేపని కొట్టి తినడం తప్పా? (మిన్నెసోటా, బఫెలో చేప)

కాకినాడ_టు_సెయింట్‌పాల్ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మేం అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటాం. మా ఆఫీసులో ఒకతను వేసవి వస్తే చాలు, రాత్రిళ్ళు బోటు ముందర పెద్ద పెద్ద లైట్లు కట్టుకుని విల్లుతో చేపలు కొట్టడానికి వెళ్తాడు, ఇక్కడ దీన్ని బోఫిషింగ్ అంటారు. బాణానికి తాడు ఉంటుంది, గుచ్చుకున్న చేపని లాగేస్తారు. అతనికి ఎక్కువగా దొరికేది బిగ్‌మౌత్ బఫెలో. తను తినడు, మనవాళ్ళు తింటారని తెలిసి నాకు ఇస్తానంటాడు. మొదటిసారి ఐస్ పెట్టెలో చూసినప్పుడు బొచ్చె అనే అనుకున్నా. అదే పెద్ద తల, కాస్త పైకి తిరిగిన నోరు, రూపాయి బిళ్ళంత పొలుసులు. చింతపండు పులుసు పెడితే తేడా తెలియదు, ముళ్ళు మాత్రం చూసుకుని తినాలి.

సమస్య ఎక్కడొచ్చిందంటే, ఈ చేప వందేళ్ళు బతుకుతుందని ఈమధ్య చదివాను. మన భీమవరం, కైకలూరు చెరువుల్లో బొచ్చె ఏడాది రెండేళ్ళకే అమ్మకానికి వచ్చేస్తుంది కదా, చేప అంటే అంతేననుకుంటాం. మొన్న ఇచ్చిన చేప మా తాతయ్య కంటే ముందు పుట్టిందేమో అనేసరికి మా ఆవిడ ఇక ఇంట్లోకి తేవద్దంది. నాకు మాత్రం లెక్క తేలడం లేదు. రెండేళ్ళ చేపని తింటే రాని పాపం ఎనభై ఏళ్ళ చేపని తింటే ఎందుకొస్తుంది? సీరియస్‌గానే అడుగుతున్నా. "చేపలు మానేయండి" అనే సలహా మాత్రం వద్దు, ప్లీజ్.

యానాం_బుల్లోడు:

తమ్ముడూ, మాది వల మీద బతికిన ఇల్లు. పెద్ద చేప పడితే ఆ రోజు పండగే, నీ వయసెంతమ్మా అని అడిగి వదిలిపెట్టినవాణ్ణి మా వాళ్ళలో నేనైతే చూడలేదు. చేపకి దాని ప్రాణం రెండేళ్ళప్పుడైనా, ఎనభై ఏళ్ళప్పుడైనా ఒకటే. ఆ మాటకొస్తే ముసలిదే నయం, ఎన్నోసార్లు గుడ్లు పెట్టి ఉంటుంది. చంపాక తినకపోవడం తప్పంటాను. మీ ఆఫీసాయన సరదాకి కొట్టి పడేస్తున్నాడు చూడు, నాకు మంట అక్కడ. నువ్వు తీసుకోకపోతే అది చెత్తకుప్పలోకే పోతుంది. తీసుకో, తిను.

చెవిరాయి:

యానాం అన్నా, ఒక్క చేప సంగతైతే మీ మాటే నా మాట. కానీ ఈ చేప కథ వేరు.

చాలాకాలం దీని ఆయుష్షు మహా అయితే 26 ఏళ్ళు అనుకున్నారు. చేప చెవి లోపల చిన్న రాయి ఉంటుంది, దాన్ని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఏడాదికొక వలయం కనిపిస్తుంది. అలా లెక్కపెట్టి నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో 112 ఏళ్ళ బఫెలోని చూపించారు. వలయాల లెక్క నిజమా కాదా అనేది 1950ల, 60ల అణుపరీక్షల వల్ల గాలిలో, నీళ్ళలో పెరిగిన రేడియోకార్బన్ (రేడియోధార్మిక కార్బన్) జాడతో సరిచూశారు. ఆ తర్వాత కెనడాలో 127 ఏళ్ళది కూడా తేలింది. (చెవిరాయి తీయాలంటే చేపని చంపాల్సిందే. అది ఎంత విలువైనదో తెలుసుకోవడానికి దాన్నే చంపాలి, ఏం చేస్తాం.)

అన్నా, ముసలిది కదా, దాని పని అయిపోయింది అన్నారే, అదే ఇక్కడ కుదరదు. 2021లో ఇదే చేప మీద చేసిన పరిశోధనలో వయసుతో పాటు ఒంట్లో నీరసం వచ్చిన జాడ కనిపించలేదు. ముసలి చేపలు ఇంకా గుడ్లు పెడుతూనే ఉంటాయి. మిన్నెసోటాలోనే రైస్ లేక్ అని ఉంది. అక్కడి బఫెలోల్లో దాదాపు అన్నీ 50 దాటినవే, సగం చేపలకి 79 పైనే. ఏటా మే నెలలో గుడ్లు పెడుతున్నాయి, పిల్లలూ పుడుతున్నాయి, కానీ 1957 తర్వాత పుట్టినవి పెద్దవై నిలబడలేదు. ఎందుకన్నది ఇంకా తేలలేదు, పైక్ చేపలు తినేస్తున్నాయేమో అని ఒక అనుమానం. అంటే అలాంటి చోట ఒకటి తగ్గితే తగ్గినట్టే, వెనకాల వచ్చేది ఏదీ లేదు. మన చెరువులో చేప పట్టేస్తే మళ్ళీ పిల్లని వదులుతాం, ఇక్కడ వదిలేవాడు లేడు.

ఇంకో ముక్క. గాలానికి పడితే వదిలిపెట్టొచ్చు. బాణం దిగాక వదిలినా ఒకటే, వదలకపోయినా ఒకటే. చూసి వయసు చెప్పలేం కూడా. ఒక సైజుకి వచ్చాక పెరుగుదల బాగా మందగిస్తుంది కాబట్టి ముప్పై ఏళ్ళదీ, ఎనభై ఏళ్ళదీ పక్కపక్కన పెట్టినా పోల్చుకోవడం కష్టం.

ఓష్‌కోష్_సరళ:

నేను విస్కాన్సిన్‌లో విన్నెబాగో చెరువు ఒడ్డున ఉంటాను. మా ఊళ్ళో ఫిబ్రవరి వస్తే జనం గడ్డకట్టిన చెరువు మీద చిన్న గుడిసెలు వేసుకుని, మంచుకి పెద్ద కంత కోసి, చీకట్లో గంటలకొద్దీ నీళ్ళలోకి చూస్తూ కూర్చుంటారు. కింద స్టర్జన్ అనే పెద్ద చేప వెళ్తే బల్లెంతో పొడుస్తారు. అది కూడా వందేళ్ళు బతికే జాతే, ఆడచేప గుడ్లకి రావడానికే ఇరవై ఏళ్ళు పైన పడుతుంది. 2010లో ఇక్కడ 212 పౌండ్ల చేపని పొడిచారు, అంటే 96 కిలోలు.

చెప్పొచ్చేదేమిటంటే, ముసలి చేపని చంపడమే పాపమైతే మా ఊరంతా పాపులే. కానీ ఇక్కడ లైసెన్సు ఉండాలి, పట్టిన ప్రతి చేపనీ అదే రోజు స్టేషన్‌కి తీసుకెళ్ళి నమోదు చేయించాలి, ఆడవి ఇన్ని, మగవి ఇన్ని అని ముందే పరిమితి కడతారు. ఆ లెక్క నిండితే ఎన్ని రోజులు మిగిలున్నా సీజన్ బంద్. అందుకే ఇక్కడ స్టర్జన్‌కి లోటు లేదు. మీ దగ్గర బఫెలోని ఇన్నాళ్ళూ యూరప్ నుంచి తెచ్చి వదిలిన కామన్ కార్ప్‌తో కలిపి "రఫ్ ఫిష్" అనే గాటన కట్టేశారు, పనికిరాని చేప అన్నట్టు. 2024లో చట్టం మార్చి ఇక్కడి సొంత చేపల్ని వేరు చేశారు. అదైనా చేశారు, సంతోషం.

యానాం_బుల్లోడు:

సరళగారూ, మీ ఊరి పద్ధతి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి రూల్స్ మన దేశంలో పెడితే దెబ్బ ఎవరికి తగులుతుంది? బోటు మీద లైట్లు కట్టినవాడికి కాదు, పూట గడవనివాడికి.

చెవిరాయి:

నిజమే అన్నా. 2005లో థాయ్‌లాండ్‌లో మెకాంగ్ నదిలో 293 కిలోల జెల్ల జాతి చేప పడింది, బతికించాలని చూశారు, చచ్చిపోయింది, ఊళ్ళో పంచుకుని తిన్నారు. వాళ్ళని తప్పు పట్టే మొహం నాకు లేదు. 2022లో అదే నదిలో, కాంబోడియా వైపు, 300 కిలోల టేకు చేప గాలానికి పడితే పట్టినతనికి మార్కెట్ ధర కట్టి ఇచ్చి, ట్యాగ్ వేసి నీళ్ళలోకి వదిలారు. వదలమని చెప్పేవాళ్ళు డబ్బు కూడా పెట్టాలి. మన ప్రశ్న అడిగినాయన స్నేహితుడికి మాత్రం పూట గడవని సమస్య లేదు కదా.

కాకినాడ_టు_సెయింట్‌పాల్:

అందరికీ థాంక్స్. యానాం అన్నా, మీరన్నట్టు పడేసే చేపని తెచ్చుకోవడం తప్పు కాదనే మొదట నేనూ అనుకున్నా. కానీ నేను తీసుకుంటున్నాననే ధైర్యంతోనే అతను ఇంకో రెండు ఎక్కువ కొడుతున్నాడేమోనని ఇప్పుడు డౌటు. "నేను వృథా చేయట్లేదు, మా ఇండియన్ ఫ్రెండ్ తింటాడు" అని ఆఫీసులో చెప్పుకుంటున్నాడు కూడా. కార్ప్ అయితే ఎన్నైనా ఇవ్వు, బఫెలో వద్దు అని చెప్దామనుకుంటున్నా. రెండిటికీ తేడా ఎలా పోల్చుకోమనాలి?

చెవిరాయి:

కార్ప్‌కి నోటి పక్కన చిన్న మీసాలుంటాయి, బఫెలోకి ఉండవు. చేతిలో పట్టుకుంటే చిన్నపిల్లలు కూడా చెప్తారు. అర్ధరాత్రి బోటు మీంచి, కదిలే నీళ్ళలో, పైనుంచి వీపు మాత్రమే కనిపిస్తుంటే మాత్రం కష్టం. అతను ముందు కొట్టి తర్వాత చూస్తాడు. కాబట్టి కార్ప్ ఒక్కటే ఇవ్వమంటే మీ ఇంటికి బఫెలో రాదు, అంతే. పగలు, లోతు తక్కువున్న చోట, మీసాలు చూశాకే కొట్టు అని చెప్పండి. వింటాడా లేదా అన్నది మీ స్నేహం మీద ఉంటుంది.

యానాం_బుల్లోడు:

వినకపోతే గాలం కొనిపెట్టు తమ్ముడూ. కార్ప్‌కి ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు గుచ్చితే చాలు.