డ్రూపల్ 7 నుంచి 10కి మారేలోపు పాత సైటుకు రక్షణ ఎలా?

మా వెబ్‌సైటు ఇప్పటికీ డ్రూపల్ (వెబ్‌సైట్లను తయారుచేసి నిర్వహించే సాఫ్ట్‌వేర్) 7వ వెర్షన్ మీదే నడుస్తోంది. 2025 జనవరి 5తో దానికి అధికారిక భద్రతా సవరణలు ఆగిపోయినందున డ్రూపల్ 10కి మారుతున్నాము; అయితే ఇది పాత ఫైళ్లపై కొత్తవి ఎక్కించే మామూలు అప్‌గ్రేడ్ కాదు కనుక, కనీసం పీహెచ్‌పీ (డ్రూపల్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష) 8.1 ఉన్న వేరే సర్వర్‌లో కొత్త సైటును ఇన్‌స్టాల్ చేసి, మైగ్రేట్ అనే మాడ్యూల్ (డ్రూపల్‌లో ఒక్కో పని చేసే భాగం) ద్వారా సమాచారాన్ని తరలిస్తున్నాము.

అంతవరకు పాత సైటును మూసివేయడం కుదరదు. సెట్టింగ్స్ ఫైలును చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చి, అప్‌లోడ్ ఫోల్డరులో పీహెచ్‌పీ నడవకుండా ఆపి, కొత్త ఖాతాల నమోదును నిలిపివేశాము. (బలమైన పాస్‌వర్డుల సంగతి ఎప్పుడో చూసుకున్నాము, ఆ సలహా అక్కరలేదు.) లాగిన్ పేజీని కొన్ని ఐపీ చిరునామాలకే పరిమితం చేస్తే నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక ముప్పు ఎక్కువగా పాత మాడ్యూళ్ల నుంచే వస్తుందా? అలాగే, సభ్యుల పాత పాస్‌వర్డులు కొత్త సైటులోనూ పనిచేయాలంటే తరలింపుకు ముందే ఏ ఏర్పాటు చేసుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.