తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకుంటూ ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్)కి వెళ్తే తాగుడు మానేసినట్టా, కాదా?

గోదారిగట్టు:
తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఏఏ మీటింగుల్లో కొత్తవాళ్లకి కొందరు సీనియర్లు చెప్పే మాట: "మాత్ర మింగినన్నాళ్లూ నీ సోబ్రైటీ (తాగకుండా ఉన్న కాలం) లెక్కలోకి రాదు, ముందు ఆ షీటు పారెయ్." డాక్టరేమో తను చెప్పేదాకా ఆపొద్దంటాడు. రెండూ విన్నవాడు మీటింగైనా మానేస్తున్నాడు, మాత్రైనా మానేస్తున్నాడు. ఎవరిది రైటు?

సాయంత్రం7:
సీనియర్లది ఉత్త మొండితనమని కొట్టిపారేయకండి. డైసల్ఫిరామ్ తాగాలన్న యావని తగ్గించదు, తాగితే ఏమవుతుందోనన్న భయం పెడుతుంది, అంతే. సంక్రాంతికి తాగాలనుకున్నవాడు భోగికి రెండు వారాల ముందే ఆపేస్తాడు. షీటు రోజూ ఖాళీ అవుతూనే ఉంటుంది, మాత్ర మాత్రం వాష్‌బేసిన్‌లోకి పోతుంటుంది. తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో మొదటిదే తాగుడు ముందు మన శక్తి చాలదని ఒప్పుకోవడం. మాత్ర ఉందిగా అనుకునేవాడు అక్కడే ఆగిపోతాడు.

మందులచీటీ:
సాయంత్రం7 గారూ, భయం సంగతి నిజమే. కానీ అన్ని మాత్రల్నీ ఒకే గాటన కట్టేస్తేనే తంటా.

మానిన మొదటి వారంలో వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చేది క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటిది. రోజురోజుకీ డోసు తగ్గించుకుంటూ వారం, పది రోజుల్లో ఆపేయాలి. పాత చీటీ పట్టుకెళ్లి నెలల తరబడి కొంటుంటే అది కొత్త వ్యసనమే, దానిమీద సీనియర్లు మండిపడినా న్యాయమే. ఆ తర్వాత ఇచ్చేవి వేరు. నాల్ట్రెక్సోన్ రోజుకి 50 మి.గ్రా., యావని తగ్గిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకి కుదరదు. అకాంప్రొసేట్ 333 మి.గ్రా.వి రెండేసి, మూడు పూటలా. లివర్‌తో దానికి పెద్దగా పేచీ లేదు, కిడ్నీల పరీక్ష మాత్రం చూసుకోవాలి. ఇవేవీ మత్తు ఇవ్వవు.

డైసల్ఫిరామ్ (మామూలుగా 250 మి.గ్రా.) మొదలుపెట్టాలంటే చివరి పెగ్గు తర్వాత కనీసం 12 గంటలు గడవాలి. ఆపాక కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. ఆ టైములో తాగితే మొహం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. ద్రాక్షాసవం, దశమూలారిష్టం, కొన్ని దగ్గు సిరప్‌లలోనూ ఆల్కహాల్ ఉంటుందని చాలామందికి తట్టదు. అవి పడి రియాక్షన్ వస్తే "నేను తాగలేదు మొర్రో" అన్నా ఇంట్లో ఎవరూ నమ్మరు పాపం.

ఇక "లెక్కలోకి రాదు" అన్నది ఏఏ మాట కాదు. సభ్యుడు కావడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చాలని ఏఏ గ్రూపులు పాటించే నియమాల్లో మూడోది, మూడో సంప్రదాయం అంటారు. మందుల మీద ఏఏ వేసిన పుస్తకంలోనే, సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తొద్దని ఉంది.

నల్లరేగడి:
తాగేవాడికి చెప్పకుండా ఇంట్లోవాళ్లు సాంబారులో కలిపి పెట్టే డైసల్ఫిరామ్ గురించి ఎవరూ మాట్లాడరేం? ఆ సంగతి తెలియక ఫుల్‌గా తాగితే ప్రాణం మీదికొస్తుంది, గుండెజబ్బు ఉన్నవాడికి మరీనూ. అలా చేసే బదులు ఇంట్లోవాళ్లు అల్-అనాన్‌కి వెళ్లడం నయం. అది కుటుంబాల కోసమే పెట్టింది.

వరంగల్‌వాసి:
మా దిక్కు ఇంకో లెక్క. కల్తీ కల్లుల అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అసొంటి మత్తుమందులు కలుపుతరు. అది తాగేటోడు ఒక్కసారే బందు పెడితే ఫిట్స్ వస్తయి, మతి తప్పుతది. విస్కీ తాగేటోనికి గూడ ఆఖరి పెగ్గు అయినంక 6 నుంచి 48 గంటలల్ల ఫిట్స్ భయం ఉంటది, రెండో రోజు నుంచి నాలుగో రోజు దాంక లేనివి కనబడుడు, ఒళ్లు వణుకుడు. అసొంటోన్ని మొదలు హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖానకో జిల్లా దవాఖానకో తీస్కపోవాలె. మీటింగు తర్వాత.

గోదారిగట్టు:
సరే, మాత్రల్ని తప్పుపట్టని గ్రూపు దొరికేదెలా?

మందులచీటీ:
ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊరిపేరు కొడితే వచ్చే నంబరుకి మీటింగు రోజు మధ్యాహ్నమే ఫోన్ చేయండి. చాలా గ్రూపులు చర్చి గదుల్లోనో స్కూలు గదుల్లోనో నడుస్తాయి. పరీక్షలొచ్చినా పండగొచ్చినా తాళం వేసి ఉంటుంది, ఒక్కోసారి చోటే మారిపోతుంది. ఓపెన్ మీటింగా క్లోజ్డ్‌దా (తాగుడు సమస్య ఉన్నవాళ్లకి మాత్రమే), తెలుగులో నడుస్తుందా, రెండూ అడగండి. ఓపెన్‌కైతే ఇంట్లోవాళ్లనీ తీసుకెళ్లొచ్చు. చివర్లో చందా డబ్బా తిప్పుతారు, వేయకపోయినా ఎవరూ అడగరు. ఫీజు అడిగారంటే అది ఏఏ కాదు.

మాత్రల సంగతి అందరి ముందూ షేర్ చేయనక్కర్లేదు, స్పాన్సర్‌కి (కొత్తవాడికి తోడుగా ఉండే పాత సభ్యుడికి) చెబితే చాలు. స్పాన్సర్ ఆపెయ్యమంటే స్పాన్సర్‌ని మార్చండి. డీఅడిక్షన్ సెంటర్ల వివరాలకి 14446, టోల్‌ఫ్రీ.

సాయంత్రం7:
మార్చమనడం తేలికే. చిన్న ఊళ్లో ఉండేదే ఒక గ్రూపు, అందులో నలుగురు.

మందులచీటీ:
అలాంటిచోట వారానికొకసారి ఆ నలుగురి దగ్గరికే వెళ్లి, మిగతా రోజులు ఆన్‌లైన్ మీటింగుల్లో కూర్చోవాలి. స్పాన్సర్ పక్క జిల్లావాడైనా ఫోన్లో నడిచిపోతుంది. మీరన్న వాష్‌బేసిన్ సంగతికి కూడా మందుంది: డైసల్ఫిరామ్‌ని అతని ఒప్పుకోలుతోనే నీళ్లలో కలిపి, రోజూ ఒకే టైముకి ఇంట్లో ఒకరి ఎదుట తాగించాలి. ఒంటరిగా మింగమని వదిలేస్తే ఆ మాత్ర పనిచేయదన్న దగ్గర మీతో నాకు పేచీ లేదు.