ఫిజీ బడుల్లో ఏ ఫిజియన్ నేర్పాలి? బౌ ఒక్కటే చాలా?

సువా శీను:
ఫిజీ 2013 రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వాడుక ఫిజియన్ (ఇక్కడ ఐతౌకేయి అంటారు), ఫిజీ హిందీ తప్పనిసరిగా నేర్పాలి. మంచిదే. కానీ బడిలో నేర్పే ఫిజియన్‌కి పునాది బౌ అనే చిన్న దీవి మాట. దీవుల్లో ఊరూరికీ మారే రూపాలు వందల్లో ఉన్నాయి. అన్నీ బడిలోకి రావాలంటే పనవ్వదు. బౌ ఒక్కటే ఉండాలని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు పిల్లగాడు:
శీనన్నా, బౌ గొప్పదని ఎంచలేదు కదా! 1835లో కార్గిల్, క్రాస్ అనే మిషనరీలు లకెంబా దీవిలో దిగి అక్కడి మాటతోనే మొదలుపెట్టారు. తర్వాత ఒక్కో ప్రాంతానికి ఒక్కో పుస్తకం అచ్చు వేయడం భారమైంది. అప్పటికి బౌ పాలకులది పైచేయి. 1847లో కొత్త నిబంధన బౌలో వచ్చింది, అంతే, పెద్దరికం దానికే దక్కింది. కృష్ణా, గుంటూరు మాట పుస్తకాలకెక్కి, మా మాట సినిమాలో కమెడియన్‌కి మిగిలినట్టు.

సువా శీను:
ఎలా వచ్చినా ఇప్పుడు చర్చిలో, రేడియోలో, పేపర్లో అదే ఉంది. పడమటి వాళ్లకీ అర్థమవుతుంది.

భాషాప్రియ:
నేర్చుకున్నారు కాబట్టి అర్థమవుతుందండీ. ఫిజీలో అన్నిటికన్నా పెద్దదైన వీతీ లేవు దీవి పడమటి మాటలకీ తూర్పు మాటలకీ తేడా యాస వరకే కాదు. రెండు కొసల వాళ్లు ఎవరి మాట వాళ్లు మాట్లాడితే ఒకరిదొకరికి అందదు. ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. చెరకు తోటలు ఎక్కువగా పడమట, ఉత్తరాన ఉన్నాయి, భారత సంతతి వాళ్లూ ఎక్కువగా అక్కడే. అంటే పడమటి పట్నం నాందీ దగ్గర భారత సంతతి పిల్ల బడిలో బౌ నేర్చుకుంటుంది, పక్కింటి ఫిజియన్ అవ్వ మనవలతో మాట్లాడేది ఇంకోటి. రాజ్యాంగం అడిగింది 'వాడుక' భాషని. ఎవరి వాడుక?

(మ్యాపులో 'నాడి' అని ఉంటుంది, పలికేది నాందీ. ఒక ధ్వనికి ఒకే అక్షరం పెట్టాలని కార్గిల్ చేసిన ఏర్పాటు అది, 'nd' ధ్వనికి 'd' ఒక్కటే రాస్తారు. ఆ లిపి చిన్న చేర్పులతో పడమటి మాటలకీ పనికొస్తుంది, కాబట్టి రాత సమస్య కాదు.)

కాకినాడ మూర్తి:
బడి మీద మరీ ఆశలు పెట్టుకోకండి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలి ఒప్పందంపై వెళ్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 1926లో దక్షిణాది వాళ్ల సంగం, 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు, బడుల్లో తెలుగు చెప్పించారు. అయినా ఇళ్లల్లో ఫిజీ హిందీయే నిలిచింది. వీధిలో పలకని భాష పాఠంగానే మిగిలిపోతుంది. అందుకే నా ఓటు భాషాప్రియ గారికి.

సువా శీను:
సరే, తూర్పున ఉన్న లావు (Lau) దీవుల నుంచి నాందీకి బదిలీ అయిన టీచరమ్మ ఏ మాట నేర్పాలి? ఆమెకి వచ్చింది బౌ, ఇంట్లో లావు మాట. పడమటి మాట ఆమెకే రాదు.

భాషాప్రియ:
పుస్తకం, పరీక్ష బౌలోనే ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. మాటల పీరియడ్ మాత్రం ఆ ఊరి పెద్దవాళ్లకి ఇవ్వండి. టీచరమ్మ కూడా పిల్లలతోపాటు కూర్చుని నేర్చుకోవచ్చు.

ఓరుగల్లు పిల్లగాడు:
ఆ అవ్వకి జీతం ఇస్తేనే. ఉత్త సేవ అంటే నేను ఒప్పుకోను.