సమస్య: “పరుడె పొరుగువాడు పగతుడైన”

మాస్టారు: ఈ వారం ఆటవెలది. పైన ఉన్నది నాలుగో పాదం. బేసి పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం. పొరుగు అంటే మనకు గోడ పక్క ఇల్లు, పరుడంటే ముక్కూ మొహం తెలియనివాడు, పైగా పగవాడు, మరి ఇద్దరూ ఒకటెలా అవుతారు? బైబిల్లో లూకా సువార్త 10వ అధ్యాయంలో ఒక ధర్మశాస్త్రోపదేశకుడు దేవుణ్ణి ప్రేమించమన్న ద్వితీయోపదేశకాండం 6:5నీ, పొరుగువాణ్ణి ప్రేమించమన్న లేవీయకాండం 19:18నీ తడుముకోకుండా చెప్పి, చివర్లో “నా పొరుగువాడెవడు?” అని యేసును అడిగాడు కదా. జవాబుగా యేసు ఒక కథ చెప్పాడు: యెరూషలేము నుండి యెరికోకు పోయే దారిలో దొంగలు కొట్టి పడేసినవాణ్ణి యాజకుడూ, గుడి సేవకుడైన లేవీయుడూ చూసి కూడా పక్కనుంచి పోతే, యూదులకు పగవాడైన ఒక సమరయుడు ఆగి ఆదుకున్నాడు. ఆ ప్రశ్న, ఆ కథ పట్టుకుని పూరించండి.

గట్టుమీది చెట్టు:
దెబ్బ తిన్న వాని దిక్కు చూడక పోయె
యాజకుండు; లేవి యట్లె పోయె;
కట్టు కట్టి నూనె కరుణతో పూసిన
పరుడె పొరుగువాడు పగతుడైన

మాస్టారు: ధార బాగుంది. కానీ కట్టు కట్టేశాక నూనె ఎక్కడ పూస్తారండీ? మన బైబిల్లో నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడనే ఉంది. మూడో పాదం “గాయమునకు నూనె కరుణతో పూసిన” అంటే సరిపోతుంది, గా–క యతి చెల్లుతుంది.

కొత్త చేయి: నాది మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. “యెరూషలేము నుండి యెరికోకు పోవుచు” అని రాశాను, గణం కుదరడం లేదు, టెన్షన్‌గా ఉంది.

మాస్టారు: యె లఘువు, రూ గురువు, అలా మొదలయ్యే సూర్య గణమే లేదు. ముందు ఒక “ఆ” పెట్టి చూడమ్మా. ఆయె, రూష, లేము, మూడు గలాలు (గురువు తర్వాత లఘువు ఉండే సూర్య గణాలు) వాటంతటవే వస్తాయి.

కొత్త చేయి:
ఆ యెరూషలేము హద్దు దాటిన వాడు
దొంగ చేత చిక్కి దుఃఖ పడగ
గాడిదపయి మోసి కాపాడినట్టి యా
పరుడె పొరుగువాడు పగతుడైన

గట్టుమీది చెట్టు: భలే కుదిరింది! ఆ యెరికో దారి పాతిక కిలోమీటర్లలోనే దాదాపు వెయ్యి మీటర్లు దిగుతుంది, అంతా బండలూ మలుపులూ, దొంగలు మాటు వేయడానికి వీలైన చోటు. అక్కడ ఆగడమంటే తన ప్రాణం కూడా పణం పెట్టడమే. ఆ సమరయుడు పూటకూళ్లవాడికి ఇచ్చిన రెండు దేనారాలు రెండు రోజుల కూలి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. పద్యంలో అదీ పడితే బాగుండేది.

మాస్టారు: “పగతుడైన” ఎందుకన్నానంటే, గెరిజీము కొండ మీద సమరయుల గుడిని క్రీస్తుకు ముందే యూదుల పాలకుడు హిర్కాను కూలగొట్టాడు. ఆ పగ ఎంతలా ఉందంటే, “వీళ్లలో పొరుగువాడెవరు?” అని యేసు అడిగితే ఆ ఉపదేశకుడి నోట “సమరయుడు” అన్న మాట రాలేదు, “జాలి చూపినవాడు” అన్నాడంతే. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధగా అనిపించేది అదే. పైగా అతను అడిగింది నా పొరుగు ఎవరని, యేసు తిరిగి అడిగింది పొరుగువాడు అయ్యిందెవరని.

వెన్నెల:
నిన్ను వలెనె పొరుగు నెమ్మితో ప్రేమించు
మన్న మాట యెపుడొ మరచిపోతి;
చలికి వణకు వేళ శాలువ కప్పిన
పరుడె పొరుగువాడు పగతుడైన

కొత్త చేయి: చ–శా యతి చెల్లుతుందా అండీ?

మాస్టారు: చెల్లుతుంది, సరసయతి. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది. వెన్నెల గారూ, మూడో పాదం ఊహించి రాసింది కాదనిపిస్తోంది, నిజమేనా?

వెన్నెల: నిజమేనండీ. డిసెంబరులో రైల్లో బెర్తు కోసం ఒకాయనతో గట్టిగా గొడవపడ్డాను, అనకూడని మాటలే అన్నాను. కిటికీ అద్దం సరిగ్గా పడక రాత్రంతా గాలి, ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. తెల్లారి లేచేసరికి ఎదురు బెర్తు ఖాళీ, ఆయన శాలువా నా మీద ఉంది.