అమ్మమ్మ వారాల అన్నం: 12 లక్షలతో ట్రస్టు పెట్టాలా?

ప్రశ్న (కందుకూరు నుంచి)

మా అమ్మమ్మ ఓపిక ఉన్నన్నాళ్లూ కందుకూరులో చదువుకునే పిల్లలకి వారాలిచ్చింది, అంటే ఒక్కొక్కరికి వారంలో ఒక రోజు మా ఇంట్లో భోజనం. వంటింటి తలుపు వెనక క్యాలెండర్ మీద ఏ రోజు ఎవరిదో పెన్సిల్‌తో రాసుకునేది. ఒకటి ఇప్పటికీ దాచాం. గురువారం గడిలో చింతపండు మరక, దాని పక్కనే ‘మజ్జిగ పడదు’ అని రాసుంది.

ఆమె పొలం అమ్మకి వచ్చింది, ఈ మధ్యే అమ్మేశాం. అందులో 12 లక్షలు అమ్మమ్మ పేరు మీద పేద పిల్లల చదువుకి తీసిపెట్టాలని అందరం అనుకున్నాం. అన్నయ్య అమెరికా పౌరుడు, తనూ ఏటా కొంత పంపుతానంటున్నాడు. ట్రస్టు రిజిస్టర్ చేయించాలా, ఏదైనా కాలేజీకి ఇచ్చేయాలా? ట్రస్టు మాటెత్తితేనే అమ్మకి టెన్షన్.

జవాబు (ఆడిటర్ దగ్గర పనిచేస్తాను)

అక్కా, ఈ మొత్తానికి ట్రస్టు వద్దంటాను. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రాయించుకోవడం పెద్ద పని కాదు. ఆ తర్వాతే మొదలవుతుంది: వేరే పాన్, వేరే ఖాతా, ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్, దాతలకి పన్ను తగ్గేలా చేసే అనుమతి (80జీ అంటారు), ఏటా లెక్కలు, రిటర్ను. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకి 80జీతో ఒరిగేదేమీ లేదు. సొసైటీ అంటారా, మన రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (2001) ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఏడుగురిని ఒకచోట కూర్చోబెట్టి సంతకాలు తీసుకోవడం కన్నా పెళ్లి చేయడం తేలిక.

అన్నయ్య డబ్బు దగ్గర జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై సొంత సంపాదన ఇస్తే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడు ఇస్తే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ట్రస్టు దాన్ని తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ఖాతా కావాలి. అవి లేకుండా తీసుకుంటే కేసే. అమ్మ డబ్బుతోనే మొదలుపెట్టండి.

జవాబు (కావలి, రిటైర్డ్ లెక్చరర్)

అమ్మాయీ, కాలేజీకి ఇచ్చే ముందు మా సంగతి విను. మా నాన్న పేరున ఒక కాలేజీలో బహుమతి నిధి పెట్టాం. ప్రిన్సిపాల్ బదిలీ అయ్యాక డిపాజిట్ కాగితం బీరువాలో ఉండిపోయింది. మూడేళ్లు ఒక్క పిల్లాడికీ రూపాయి అందలేదు. అడగడానికి వెళితే, ‘ఏ నిధండీ?’ అన్నారు.

అందుకని డిపాజిట్ అమ్మ పేరునే ఉంచండి. వడ్డీ ఏడు శాతం అనుకుంటే ఏడాదికి 84,000. ఆ వడ్డీ అమ్మ ఆదాయంలో కలుస్తుంది. ఆమెకి పన్ను పడేంత ఆదాయం లేకపోతే వడ్డీలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోయకుండా బ్యాంకులో ఏటా ఫారం ఇవ్వండి.

ఇంకొకటి. మీ అమ్మమ్మ పెట్టినట్టే ఆ వడ్డీతో చదువుకునే పిల్లలకి అన్నమే పెట్టండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఇంటర్ పిల్లలకి మళ్లీ మీరెందుకు? లింగసముద్రం, వోలేటివారిపాలెం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే డిగ్రీ పిల్లల్ని చూడండి. ఆరుగురు, నెలకి 24 పూటలు, పూటకి 50 అంటే 7,200. పది నెలలకి 72,000. మిగిలిన 12,000 అసల్లో కలపండి, లేదంటే ధరలు పెరిగేకొద్దీ ఆరుగురు నలుగురవుతారు. డబ్బు పిల్లల చేతికివ్వకుండా మెస్‌కే నెలనెలా కట్టండి.

అమ్మ తదనంతరం ఏంటన్నది వీలునామాలో రాయించాలి. నామినీని పెట్టాం కదా అని ఊరుకోవద్దు. నామినీ చేతికి డబ్బు వస్తుందే గానీ హక్కు వారసులదే.

ప్రశ్న అడిగినావిడ

చాలా థ్యాంక్స్ మాస్టారూ, తమ్ముడూ. మా మామయ్య మాత్రం ఊరి మొదట్లో అమ్మమ్మ పేరుతో ఆర్చి కట్టాలంటున్నాడు.

జవాబు (నెల్లూరు)

ఆర్చి ఖర్చుతో ఎంతమందికి అన్నం పెట్టొచ్చో మీ మామయ్యనే లెక్కేయమనండి. మా నెల్లూరులో పొణకా కనకమ్మ ఆడపిల్లల బడి పెట్టి తన పేరు పెట్టుకోలేదు, కస్తూరిదేవి విద్యాలయం అని కస్తూరిబా పేరు పెట్టింది.

ప్రశ్న అడిగినావిడ

అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. డిపాజిట్‌కి ఒప్పుకుంది, ఆర్చి వద్దంది. మెస్ వాళ్లని ఒక్కటే అడగమంది: మజ్జిగ పడని పిల్లలుంటే బదులేం పెడతారని.