పెద్ద టైర్లు వేశాక స్పీడోమీటర్ సరిచేయించాలి, విజయవాడలో ఎవరు చేస్తారు?

నమస్తే అండి. మా థార్‌కి 245/75 ఆర్16 టైర్లు తీసేసి 265/75 ఆర్16 ఆల్ టెర్రైన్ (మట్టిరోడ్లకూ పనికొచ్చే రకం) వేయించాను. లెక్క వేస్తే టైరు ఎత్తు 774 మి.మీ. నుంచి 804కి, అంటే దాదాపు 4 శాతం పెరిగింది. ఇదివరకు మీటర్ 80 చూపించిన వేగానికి ఇప్పుడు 77 చూపిస్తుంది. గుంటూరు హైవేలో స్పీడ్ కెమెరాలంటే టెన్షన్. ఓడోమీటర్ కూడా తక్కువే తిరుగుతుంది కాబట్టి మైలేజీ లెక్క కుదరదు.

ఆటోనగర్‌లో ఒకాయన "ఏం కాదండీ, వదిలేయండి" అన్నారు. ఇంకొకాయన ల్యాప్‌టాప్ పెట్టి కోడింగ్ మారుస్తానన్నారు. బండి వారంటీలో ఉంది మరి!

ఓబీడీ పోర్ట్ (బండి కంప్యూటర్‌కి ల్యాప్‌టాప్ కలిపే సాకెట్) నుంచి టైరు చుట్టుకొలత మార్పించడం మేలా, స్పీడ్ సెన్సర్ వైరుకి కాలిబ్రేటర్ (సిగ్నల్‌ని సరిచేసే చిన్న పరికరం) బిగించడం మేలా? రెండోదానితో ఏబీఎస్‌కి (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) ఇబ్బంది రాదా? చేయించుకున్నవాళ్లు ఖర్చుతో సహా చెప్పండి. జీపీఎస్ చూసి నడుపుకోమనే సలహా మాత్రం వద్దు, అది ఎలాగూ చేస్తున్నాను.