చైనా విద్యార్థికి ‘మాస్టికేట్’ ఎలా చెప్పాలి?

సుజాత_టీచర్:
ఆన్‌లైన్‌లో చైనా వాళ్ళకు ఇంగ్లీష్ చెబుతున్నాను. నిన్న ఒకామె పొద్దుటి టిఫిన్ గురించి రాస్తూ ‘ఐ మాస్టికేటెడ్ మై బన్ స్లోలీ’ అంది. వ్యాకరణం సరిగ్గానే ఉంది, చదివితే మాత్రం డాక్టర్ రిపోర్టులా ఉంది. రెండు మాటలకూ అర్థం నమలడమే, ‘చ్యూ’ చాలమ్మా అంటే ఒప్పుకోవట్లేదు. నిఘంటువులో రెండింటికీ చైనీస్‌లో ‘జూజ్యుయె’ అనే ఉందట. ఎలా చెబితే అర్థమవుతుంది?

వూహాన్_ఎంబీబీఎస్:
మేడమ్, నాకు ఈ మాట అనాటమీ క్లాసులో పట్టుబడింది. నమలడానికి ముఖ్యంగా పనిచేసే నాలుగు జతల కండరాలను ‘మజిల్స్ ఆఫ్ మాస్టికేషన్’ అంటాం, చైనీస్‌లో ‘జూజ్యుయె జీ’. పుస్తకంలో సరే. క్యాంటీన్‌లో మాంసం ముక్క గట్టిగా ఉంటే మా చైనా స్నేహితులు ‘జ్యావ్ బు దోంగ్’, నమలలేకపోతున్నా అనేవాళ్ళు. అక్కడ ‘జూజ్యుయె’ అనగా నేనెప్పుడూ వినలేదు. ఆమెనే అడగండి, ఇంట్లో అన్నం తినేటప్పుడు ఏమంటారని.

అక్షరమాల:
పైగా ఆ రెండు మాటల్లో అక్షరం ఒకటే! విడిగా వస్తే ‘జ్యావ్’, జంటలో ‘జ్యుయె’. మనకూ నమలడం, చర్వణం ఉన్నాయి కదా. అమ్మ ‘బాగా నమిలి తిను’ అంటుంది గానీ ‘చర్వణం చెయ్యి’ అనదు. వాళ్ళ పెద్దలు చెప్పేది కూడా ‘షీ జ్యావ్ మాన్ యెన్’: మెత్తగా నమిలి నిదానంగా మింగమని.

మందుల_షాపు:
అక్షరమాల గారూ, జ్యావ్ అంటే చ్యూ, జూజ్యుయె అంటే మాస్టికేట్ అని గీత గీసేస్తే ఇబ్బంది. నమిలి మింగే మాత్రలను వాళ్ళు ‘జూజ్యుయె ప్యెన్’ అంటారు. ఇంగ్లీష్‌లో అవి ‘చ్యూయబుల్ టాబ్లెట్లు’. చైనీస్ మాట మందు డబ్బా దాకా వచ్చింది, మాస్టికేట్ రాలేదు.

అక్షరమాల:
నిజమే, తొందరపడ్డాను. ఇంకొకటి కూడా ఉంది. ఒక పద్యం భావాన్ని మనసులో తిప్పి తిప్పి ఆలోచించడాన్ని కూడా వాళ్ళు జూజ్యుయె అంటారు. అక్కడ ఇంగ్లీష్‌లో ‘చ్యూ ఓవర్’ లేదా ‘రూమినేట్’ రాయమనండి. మనం నెమరువేసుకోవడం అంటే ఎక్కువగా జ్ఞాపకాలే కాబట్టి తెలుగు పోలిక అక్కడ పూర్తిగా కుదరదు.

సుజాత_టీచర్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఈరోజు అడిగాను. ఇంట్లో ‘జ్యావ్’ అనే అంటారట, వెంటనే తనే ‘చ్యూడ్’ అని దిద్దుకుంది. మాస్టికేట్ ఎక్కడ నేర్చుకున్నావంటే, ఆమె పనిచేసేది టైర్ల ఫ్యాక్టరీలో! ముడి రబ్బరును రోలర్ల మధ్య నలిపి మెత్తబరచడాన్ని ఇంగ్లీష్ మాన్యువల్‌లో ‘మాస్టికేషన్’ అని రాశారట. చైనీస్‌లో దానికి వేరే మాట, ‘సూ ల్యెన్’. అర్థం కోసం నిఘంటువు తీస్తే నమలడం కనిపించిందట. రేపటి క్లాసు ఆ మాన్యువల్‌తోనే పెట్టుకున్నాం.